ఏ ఇంట ఉన్నాదో

ఇన్నాసి ఫాదరు తువ్వాల్లో సుట్టి తెచ్చినాడు.
తుపానుకి గుడి పెంకులు ఊడిపడ్డప్పుడు
కాడ ఇరిగిపోనాదట.
ఇత్తడి సూరీడు, సుట్టూ కిరణాలు,
నడాన రూపాయి బిళ్లంత అద్దం,
అద్దం ఎనక ఎర్రదారం, లక్క ముద్దర,
నూకగింజంత ఎముక.

"ఎవలిది బావూ?"
"పునీతురాలిది. కుష్టురోగుల పుళ్లు కడిగిన చెయ్యి.
వేలి ఎముక."
సీటీ మీద పేరున్నాది గాని సీమ రాసినట్టున్నాది,
ఆయనకీ ఆననేదు, నాకూ ఆననేదు.
ఇంతోటి ఎముకకి అంత ఇల్లా అని మా గుంట నవ్వింది.
కసిరినాను.

కాడ అతకాలంటే నిప్పుల్లో ఎట్టాల.
నిప్పుల్లో ఎట్టాలంటే ఆయమ్మని దించాల.
ఎక్కడ దించేది?
బుడితిలో మా కొంప నిండా అమ్ముడుపోని బిందెలే,
ఒకదాని మీదొకటి బోర్లించి.
కుంచం నిండా బియ్యం పోసి
దాని మీద అద్దాన్ని ఆనించినాను.
ఆ రాత్రి మా ఇంట ఎవలూ గట్టిగా మాటాడనేదు.

మేం ఎముకల్ని దాసం బావూ.
మూడోనాడు పాలు జల్లి, బూడిదలోంచి ఏరి
వంశధారకి ఇచ్చేస్తాం.
మా అయ్యనీ అలాగే ఇచ్చినాను.
ఇంటికొచ్చి పంచె దులిపితే
మడతలోంచి ఒకటి రాలింది.
సుత్తి పట్టిన సేతిదే అయ్యుంటాది.
మల్లీ ఏటికి ఎల్దామంటే పొద్దుగూకింది,
ఇంట్లో ఎట్టుకుందామంటే బయం.
కొలిమి మీద మూస ఎర్రగా ఉడుకుతున్నాది.
అందులో ఏసినాను.

మర్నాడు ఆ పోతలో సెంబులు తీసినాను,
ఆరో, ఏడో.
నరసన్నపేట సంతలో మజ్జానానికే అయిపోనాయి.
ఎవలు నీళ్లు తాగుతన్నారో,
ఏ పసిగుంటకి తలంటుతన్నారో,
ఏ పెళ్లిలో కాళ్లు కడిగినారో వాటితోటి.
ఈ మాట మా ఆడదానిక్కూడా తెల్దు.

సింతపండూ ఊకా ఎట్టి తోమితే
సూరీడు మల్లీ నిలబడ్డాడు.
"అతుకు కనిపిస్తాది" అన్నాను.
"కనిపించనీ" అన్నాడు ఫాదరు.

కూలి లెక్కెట్టి ఇచ్చి, దాహం అన్నాడు.
అరుగు మీది సెంబుతో నీళ్లిచ్చినాను.
గటగటా తాగినాడు.
ఖాళీ సెంబు బోర్లించి
అడుగు సూసినాడు,
నాకేసి సూసినాడు,
సప్పుడవకుండా కింద ఎట్టినాడు.