నూగు తీసి వెళ్ళండి

మా బిల్డింగ్ నేలమాళిగలో
నాలుగు వాషింగ్ మెషిన్లు, ఒక ఆరబెట్టే గది,
గోడకు చెక్క పలక.
పలక నిండా రోజులకీ గంటలకీ చిల్లులు.
ఎవరి బిళ్ళ ఏ చిల్లులో ఉంటే
ఆ మూడు గంటల రాజ్యం వాళ్ళది.

నాది మంగళవారం, ఏడు నుంచి పది.
పద్దెనిమిదేళ్ళుగా.
అంతకు ముందు హాకన్‌ది.
అతను పోయిన వారమే ఆ మంగళవారం నాకు దక్కింది,
ఆస్తి వచ్చినట్టు కాదు,
ఇంటిపేరు వచ్చినట్టు.

గోథెన్‌బర్గ్‌లో ఎవరూ ఎవరినీ ఏమీ అనరు.
చీటీ అంటిస్తారు.
"జల్లెడలో నూగు తీయడం అంత కష్టమా?"
కింద సంతకం ఉండదు,
గీసిన నవ్వుముఖం ఒకటి ఉంటుంది.
నలభై ఏళ్ళు ట్రామ్ నడిపాను,
తాగి మీదికొచ్చిన వాళ్ళకు భయపడలేదు గానీ
ఆ నవ్వుముఖానికి భయపడతాను.

బయటికి వెళ్ళే ముందు
తలుపు కంతలో కన్ను పెట్టి
నడవా ఖాళీ అయ్యేదాకా ఆగుతాను.
ఇది నాకెవరూ నేర్పలేదు.
మా అమ్మ సంచీ చేత పట్టుకుని, మడమలెత్తి,
ఊపిరి బిగపట్టి నిలబడటం చూశాను, అంతే.
ఒకసారి నేను తలుపు తీసిన క్షణానే
ఎదురింటి ఉల్రికా కూడా తీసింది.
ఇద్దరం ఒక్కసారే మూసేశాం.
చెక్కకటు ఆమె, చెక్కకిటు నేను,
ఎవరు ముందు వెళ్తారా అని వింటూ
ఎంతసేపో!

నలుగురేమనుకుంటారో అంటుండేది అమ్మ.
ఎవరా నలుగురని
కింద పేర్ల పలక ముందు నిలబడి వెతికాను.
అందరూ తలుపు వెనక నిలబడ్డవాళ్ళే.
అందులో నా పేరూ ఉంది.

లెటెబ్రహన్ ఫిబ్రవరిలో దిగింది,
అస్మరా నుంచి ఎన్ని ఊళ్ళు దాటుకునో.
మొదటి ఆదివారమే గుండ్రటి రొట్టె చేసి
ప్రతి తలుపూ తట్టింది.
లిఫ్ట్‌లో నేను అంకెల వంక చూస్తుంటే
నా ముఖం వంక చూసింది.
నాలుగో అంతస్తు వచ్చేలోగా
నా మోకాలి నొప్పి సంగతి లాగేసింది,
మా తమ్ముడికి కూడా తెలియనిది.

ఒక గురువారం మెషిన్ ఖాళీగా ఉందని
వేరేవాళ్ళ గంటలో దుప్పట్లు వేసింది.
ఖాళీగా ఉంటే వాడుకోకూడదా?
సాయంత్రానికి మూడు చీటీలు.
వాటిని చేతిలో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది,
రాసినవాళ్ళకు క్షమాపణ చెబుదామని.
ఎవరూ రాయలేదు.
"నేను కాదు," అన్నాను నేను కూడా.
మూడింటిలో ఒకటి నాదే.

ఆమెనెవరూ తిట్టలేదు.
రెండు శీతాకాలాలు గడిచాయి.
రొట్టె ఆగిపోయింది.
లిఫ్ట్‌లో ఆమె కూడా అంకెలు చదవడం మొదలుపెట్టింది.
ఆమె తలుపు కంతలో
వెలుతురు మాసిపోవడం చూశానొకరోజు.
అటువైపు కన్ను.

మొన్న మంగళవారం ఆరబెట్టే గదిలో కొత్త చీటీ.
మూడో అంతస్తు కుర్రవాడికి, ఇంకా పెట్టెలు విప్పనివాడికి.
"నూగు తీసి వెళ్ళండి, దయచేసి."
భాషా తరగతిలో దిద్దిన అక్షరాలు,
ఒక్కటీ గీత దాటలేదు.
చివర నవ్వుముఖం.

ముందు గర్వమేసింది, అబద్ధమెందుకు,
చెల్లెలు పరీక్ష పాసైనట్టు.
తర్వాత మెషిన్ తిరగడం ఆగినా
బట్టలు తీయబుద్ధి కాలేదు.
పది దాటింది. నా గంట అయిపోయింది.
మొదటిసారి వేరేవాళ్ళ సమయంలో కూర్చున్నాను.

పైకెళ్ళి ఆమె తలుపు తట్టాను.
లోపల నేలపలక కిర్రుమంది.
కంతలో వెలుతురు మాసింది.
ఎంతకీ తెరుచుకోలేదు.
నేనైనా తీసేవాణ్ణి కాదు.

పెద్ద పనేం లేదు.
మోకాలికి ఆపరేషన్ తేదీ ఇచ్చారు,
చెబుదామని.