వాలిన చెవి

డిసెంబరులో నాలుగింటికే చీకటి పడే ఊరు మాది, క్లైపెడా.
బాల్టిక్ గాలి కిటికీ అద్దాన్ని
అప్పులవాడిలా తట్టి తట్టి పోతుంటుంది.
జివిలేకి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
ఇంట్లో నేనూ, నాలుగేళ్ల స్మిల్తే,
జత తప్పిన మేజోళ్ల బుట్టా.

"బొమ్మలు చేద్దాం" అంది.
అడగడం కాదు, ఆజ్ఞ.

ఉన్నిసూదిలో దారం ఎక్కించేది తనే.
నా చేతిలో సూది నిలవదు.
బూడిదరంగు మేజోడు మొసలయింది.
కళ్లకు కోటు గుండీలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.
"పెద్ద కన్ను సముద్రాన్ని చూస్తుంది, చిన్నది నన్ను"
అని తనే తేల్చేసింది.
చెక్కగరిటెకు చేతిరుమాలు చుడితే పంతులమ్మ.
బంగాళాదుంపకు బీట్‌రూట్ రసంతో మూతి దిద్ది
రాజుగారన్నాం.
వారం తిరిగేసరికి రాజుగారి ముఖం ముడతలు పడింది.
సూప్‌లో వేసెయ్యనా అని భయంభయంగా అడిగాను.
వెళ్లి మొసలితో మాట్లాడి వచ్చి,
"వేసెయ్. ఆయనకీ చలేస్తోందట" అంది.

ఇస్త్రీబల్ల మీద దుప్పటి కప్పితే అదే రంగస్థలం.
ప్రేక్షకులు నా పనిబూట్లు, తన మంచుబూట్లు,
ఆట మధ్యలో లేచిపోయే పిల్లి.

నిన్న కుందేలు కావాలంది.
ఓడల యార్డులో నేను తొడుక్కునే తోలు గ్లౌజు
తిరగేస్తే లోపల తెల్లగా ఉంది.
బొగ్గుతో రెండు చుక్కలు పెట్టి చెయ్యి దూర్చాను.
చూపుడువేలు చెవిలా ఠీవిగా లేచింది.
పక్కన నడిమివేలు ఉండాల్సిన చోట
ఉత్త తోలు. తల వాల్చేసింది.

ఆ వేలు రెండేళ్ల కిందట
ఇనుప రేకుకీ రేకుకీ మధ్య ఉండిపోయింది.
మా ఇంట్లో దాని ఊసెత్తరు.
బయట ఎవరైనా అడిగితే
నేను వాతావరణం గురించి చెబుతాను.

దూది కుక్కుదామా అన్నాను.
వద్దంది.
నా ముఖం వంక చూడనైనా చూడకుండా
కుందేలు దగ్గరికి వంగి, గుసగుసగా
"నొప్పిగా ఉందా?" అని అడిగింది.

దుప్పటి వెనక మోకాళ్ల మీద ఉన్నాను.
గొంతు సన్నగా చేసుకున్నాను.
"చలిరోజుల్లో" అంది కుందేలు.
"లేని చోటే ఎక్కువ సలుపుతుంది.
రాత్రిళ్లు ఉన్నట్టే ఉండి దురద పెడుతుంది.
గోకుదామంటే దొరకదు.
ఎవరికీ చెప్పలేదు."

"అమ్మకి కూడానా?"

"ఊహూఁ."

కాసేపు నాటకం ఆగింది.
ఎర్ర ఉన్నిపోగు ఎక్కణ్ణించో లాక్కొచ్చి
ఆ వాలిన చెవికి మాత్రమే చుట్టింది,
చుట్టి చుట్టి, ముడి రాక, కొస పళ్లతో పట్టి లాగి.
"ఇది నిద్రపోతోంది. రెండోది కాపలా" అంది.

తెల్లారి జివిలే వచ్చేసరికి
కుందేలు బల్ల మీద బోర్లా పడుంది.
చలికి ఎర్రబడ్డ చేతులు రుద్దుకుంటూ,
"ఒక్క చెవికే మఫ్లర్ ఎందుకు?" అని నవ్వింది.

ఇవాళ గాలి ఎక్కువట అనబోయాను.
ఆగి,
గ్లౌజు తొడుక్కున్నాను.