గోరంత జాగా

కమలానగర్ రెండో సందులో, మెట్ల కింద మా ప్రెస్సు.
ధర్మవరం పాసింజరు దిగి చౌడప్ప వచ్చేసరికి
కరెంటు అప్పుడే వచ్చింది.
కేటలాగుకు పన్నెండు చీరలు, పెన్‌డ్రైవులో.

మొదటి చీర తెరిచాను.
చిలకపచ్చ ఒళ్లు, రాణీ గులాబీ అంచు.
ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని
"అబ్బ, నా మగ్గం మీద గూడా ఇట్ల మెరవల్యా" అన్నాడు.

అది వెలుగు చౌడప్పా.
ఎరుపూ పచ్చా నీలమూ మూడు దీపాలు
ఒకదాని మీదొకటి పడి తెల్లబడే ఆట.
కాగితం దగ్గర ఆ ఆట చెల్లదు.
అక్కడ దీపాలుండవు,
డబ్బాలుంటాయి, నాలుగు.

ఇదంతా నోటితో చెప్పలేదు.
మోడ్ మార్చే మీట నొక్కాను.

చిలక ఎగిరిపోయింది.
వేపాకు మిగిలింది, అదీ నిన్న తెంపిన వేపాకు.
రాణీ గులాబీలోంచి రాణి లేచి వెళ్లిపోయింది.
అచ్చుకు అందని రంగులు ఎక్కడెక్కడో చూపమంటే
చీరంతా బూడిద మచ్చలు లేచాయి.
"శెనక్కాయకు తెగులు తగిలినట్టుందే షాహీనా!"

సయాను ఐదు తగ్గించి, మళ్లీ మూడు పెంచి,
నలుపు పూర్తిగా తీసేసి,
పసుపు నూటికి నూరు నింపి
రెండు గంటలు దేకాను.
మిషను దగ్గర్నుంచి నబీసాబ్ అరిచాడు:
"మూడూ కలిపితే నలుపొస్తుందని బళ్లో చెప్తారు,
నాకాడ బురదొస్తది.
అందుకే గదా నాలుగో డబ్బా!"

ప్రూఫు తీసి చౌడప్ప చేతికిచ్చాను.
తిట్టలేదు.
సంచిలో చెయ్యి పెట్టి పట్టు చిలప ఒకటి తీశాడు.
ట్యూబులైటు కింద పెట్టాడు,
సందులోకెళ్లి ఎండకు పట్టాడు,
తిరిగొచ్చి నా తెరకు ఆనించాడు.
మూడు చోట్లా మూడు పచ్చలు.

"బానలోంచి తీసినప్పుడు ఒగ మాదిరి,
ఆరినాంక ఒగ మాదిరి,
పెండ్లికూతురు కట్టుకుంటే ఇంగొగ మాదిరి.
ముప్పై ఏండ్లాయె, నేనే దీన్ని పట్టుకోల్యా.
రెండు గంటల్లో నువ్వు యాడ పడతావు తల్లీ?"

ఆయన గోళ్ల మూలల్లో
ఏ సోపుకూ పోని రాణీ గులాబీ.

కాసేపటికి అడిగాడు, తెల్లరంగు డబ్బా ఏదని.
తెలుపుకు మా దగ్గర డబ్బా లేదు.
ఏమీ అచ్చెయ్యకుండా వదిలేస్తే
అదే తెలుపు.

"అట్లయితే ప్రతి చీర పక్కనా
గోరంత జాగా వదులు. నేను సూసుకుంటా."

ఐదు వందల కాపీలు. కాపీకి పన్నెండు తెల్ల గళ్లు.
ధర్మవరంలో వాళ్లింటి నడవలో
ఆయన భార్య, ఇద్దరు కోడళ్లు,
గిన్నెడు మైదా బంక,
ఆరువేల పట్టు పోగులు.

నాకూ ఒక కాపీ పంపాడు.
ఏడో పేజీలో పోగు అతికించడం మరిచారు.
"తెర మీదున్నట్టే రావాల" అని ఎవరైనా గట్టిగా అంటే
ఆ పేజీ తెరిచి ముందర పెడతాను.

చాలామంది
బంక ఊడి రాలిపోయిందేమో అనుకుంటారు,
కింద వెతుకుతారు.