పద్నాలుగో అతుకు

గోడలకు చెవులుంటాయంటారు గానీ
అతికించేది నేనే, నెలజీతానికి.

తొమకొమాయ్ కాగితం మిల్లు, బాయిలర్ హాలు.
బయట మోకాలి లోతు మంచు,
లోపల చొక్కా వీపుకి అంటుకుపోతోంది.
దూది కోటు విప్పిన ఆవిరి గొట్టం
మోచెయ్యి మడిచి నా ముందు నిలబడింది.

ఉల్లిపొరంత రేకు, దాని మీద బూడిదరంగు పూత.
చుట్టానంటే వంపులో వంపై కూర్చుంటుంది.
అది వేసే కూత కుక్కకి కూడా వినపడదు.
ఇనుములోకి దూరి, అవతలి అంచు తాకి
తిరిగి రావడానికి
సెకనులో పదిలక్షల వంతులు ఓ మూడు.
ఆ మూడులో ఎంత తగ్గిందో
గొట్టం అంత అరిగినట్టు.

"ఇసోబె గారూ, ఇక్కడ."

సుగెనుమా.
ముప్పై ఎనిమిదేళ్ళుగా సుత్తితో కొట్టి వినే మనిషి,
కుండ బేరమాడేవాళ్ళు వేలితో కొట్టి చూసినట్టు.
వచ్చే శుక్రవారం రిటైరు.
పిడి ఆయన అరచేతి ఆకారానికి అరిగిపోయింది.

టంగ్.
నా తెర మీద గీతలన్నీ చెదిరిపోయాయి.
"కొలత తీస్తున్నప్పుడు కొట్టకండి" అన్నాను,
అన్నాక నాలుక కరుచుకున్నాను.
"ఇక్కడ బోలుగా పలుకుతోంది" అన్నాడాయన,
నా ప్లానులో లేని చోట
చాక్‌పీసుతో సున్నా చుడుతూ.

సంచిలో ఒక్క రేకు మిగిలుంది.
అతికించాను. ఇద్దరం తెర వైపు వంగాం.
ఏడు పాయింట్ తొమ్మిది.
కొత్త గొట్టమే ఎనిమిది.

ఆయన సుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.
"పలచబడింది గొట్టం కాదన్నమాట.
నా చెవి."
నవ్వాడు. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.
గొట్టాన్ని అరచేత్తో తట్టబోయి
వేడి గుర్తొచ్చి ఆగాడు.

ఆ రేకు పీకలేదు నేను.
స్టోరు రిజిస్టర్లో పదమూడే ఉన్నాయి,
ఒకటి ఎక్కువెందుకని ఎవరూ అడగలేదు.
ఆరుగంటలకోసారి కంప్యూటర్ అన్నిటినీ పలకరిస్తుంది,
పద్నాలుగు కూడా పలుకుతుంది:
ఏడు పాయింట్ తొమ్మిది.
శుక్రవారం పువ్వులిచ్చాం, ఫొటో దిగాం.
ఏడు పాయింట్ తొమ్మిది.
మంచు కరిగింది. ఏడు పాయింట్ తొమ్మిది.

నిన్న ఏడు పాయింట్ ఆరు.

వేడికి దిద్దుబాటు వేశాను. కేబుల్ మార్చాను.
ఏడు పాయింట్ ఆరు.

సుగెనుమా గారి ఇంటి నంబరు
ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి.