జరిపిన కంప

పెళ్ళిళ్ళు తీసేవాణ్ణి నేను.
గవర్నర్‌పేటలో మెట్ల కింద స్టూడియో.
"గడ్డం కొంచెం పైకమ్మా,
బాబాయిగారూ, మీరు అటు జరగండి."
ముప్ఫయ్యేళ్ళుగా మనుషుల్ని జరుపుతూ బతికాను.
తలంబ్రాలు ఫొటోలో సరిగా పడలేదని
మళ్ళీ పోయించిన రోజులున్నాయి.

మూఢం వచ్చి ముహూర్తాలు ఆగిన వేసవి,
రోహిణి కార్తె,
అరువు తెచ్చిన మూరెడు లెన్సుతో
బ్యారేజీ దిగువన ఇసుకలోకి దిగాను.

నీళ్ళు లేని కృష్ణ.
రైలు వంతెన మీద గూడ్సు బండి
పోతూనే ఉంది, పోతూనే ఉంది.
పుచ్చపాదుల్లో ఆఖరి కాయలు ఏరుతూ
నాంచారమ్మ వేలు చూపించింది.
"అదుగో, ఆ గులకరాళ్ళలో. తీతువు.
నాలుగెట్టింది.
బిందె మోసే దారి నేనే పక్కకి మార్చుకున్నా."

చూశాను. రాళ్ళే.
మళ్ళీ చూశాను.
రాళ్ళలో నాలుగింటికి
నీడ కాస్త గుండ్రంగా ఉంది.
పక్కనే ఎండు తుమ్మకంప ఒకటి
చిరుగుల గుడ్డలాంటి నీడ కప్పి.

చిన్నప్పుడు మా ఇంటి మీంచి
తీతువు కూస్తూ పోతే
ఎవరికో మూడిందని తలుపులేసేది మా నాయనమ్మ.
ఇక్కడ అదే పిట్ట
నా నెత్తి మీద చుట్లు తిరుగుతూ
"ఎవరది? ఎవరది?" అంటోంది.
దాని భయమూ సబబే.
ఆ పూట అపశకునం నేను.

కంప ఫ్రేములో అడ్డొచ్చింది.
అలవాటు పడిన చెయ్యి.
జరిపాను.
జానెడే.

అవతల ఇసుకలో తల్లి దిగి
రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నడిచింది.
కెమెరా ముందు నవ్వు తెచ్చుకునేవాళ్ళని
వేలమందిని చూశాను గానీ
కుంటితనం తెచ్చుకున్న ప్రాణిని చూడలేదు.
సిగ్గు లేదు, వేలు ఆ బొమ్మ కూడా నొక్కింది.

పదకొండయింది.
ఇసుక మీద గాలి నీళ్ళలా వణుకుతోంది.
పాదుల్లోంచి కేక:
"గుడ్లు ఉడుకుతున్నయ్యయ్యా!
ఈ ఎండలో దానికి పొదిగే పనేంది, చల్లార్చే పనిగాని.
మడుగులో పొట్ట తడుపుకొచ్చి మీద కూకుంటది.
నువ్వు లేస్తే గదా!"
కాసేపాగి, ఇంకాస్త నెమ్మదిగా:
"బాలింత గదిలో కూడా ఇట్టాగే కూకుంటావా?"

లేచాను.
కంపని మళ్ళీ పెట్టబోయాను.
జానెడు ఎక్కడ మొదలైందో
ఇసుకలో గుర్తు లేదు.
ఎలా పెట్టినా
నీడకి ఒక గుడ్డు తక్కువవుతోంది.
పైన పిట్ట గొంతు చిరిగిపోతోంది.
వదిలేసి వచ్చాను.

వెనక్కి, ఇంకా వెనక్కి,
బోర్లించిన పడవ దాకా.
ఆ దూరానికి లెన్సులో తల్లి ఒక నువ్వుగింజ.
గింజ మడుగు దాకా పోయింది.
కూర్చుంది, లేచింది.
తిరిగొస్తూ నడిచింది, ఆగింది,
నా వైపు చూసిందో లేదో తెలీదు,
నడిచింది.
గుడ్ల మీద ఒళ్ళు దులుపుకుని
మెల్లగా దిగబడింది.
అప్పుడు ఒక్కటి తీశాను.

రెండు వారాలకి నాంచారమ్మ ఫోను.
"మూడు పిల్లలయ్యా. పుల్లల్లాంటి కాళ్ళు.
పుట్టీ పుట్టంగానే పరుగే!"
నాలుగోది నేను అడగలేదు.
ఆమె చెప్పలేదు.

ఇప్పుడు స్టూడియో గోడ మీద
పెళ్ళికూతుళ్ళ మధ్య ఆ ఒక్క ఫొటో.
"ఇందులో ఏముంది సార్, ఉత్త ఇసుక?" అంటారు.
ఫలానా చోట అని నేను వేలు పెట్టను.
అడ్వాన్సు ఇవ్వడానికొచ్చిన ఒకాయన కూతురు,
ఆరేళ్ళుంటాయేమో,
వాళ్ళ నాన్న బేరం ముగిసేదాకా చూసి చూసి
"కన్ను!" అంది.

మొన్న ఒక కుర్రాడొచ్చాడు.
నా లెన్సుకి రెండింతల లెన్సు వాడిది.
"ఎక్కడ సార్ ఇది?"
కృష్ణలో, అన్నాను.
"కృష్ణలో ఎక్కడ?"
నీళ్ళు లేని చోట.
వాడు నవ్వాడు.
టీ తెప్పించి ఎదురుగా కూర్చోబెట్టి
వాడి మొహం కాదు,
చేతుల్ని చూస్తూ కూర్చున్నాను.