ఎరుపు

"చర్మం ఎర్రబడితే వెంటనే ఫోన్ చెయ్యండి."
కరపత్రంలోని ఆ ఒక్క వాక్యాన్ని నమ్ముకుని
విన్సమ్ బెక్‌ఫర్డ్ మూడు రోజులు
తన పిక్కను చూసుకుంటూ కూర్చుంది,
లెస్టర్‌లో, హైఫీల్డ్స్‌లో, రెండో అంతస్తు కిటికీ పక్కన.
ముట్టుకుంటే పెనంలా కాలింది.
నేరేడు పండు రంగు తిరిగింది.
చర్మం బిగిసి నిగనిగలాడింది.
ఎరుపు మాత్రం రాలేదు, ఆమె ఫోన్ చెయ్యలేదు.
నాలుగో నాడు అంబులెన్స్ వచ్చింది.

ఆ కరపత్రాలు పంచింది నేనే.
నా మోచేతి మీద కూడా ఎరుపు ఎరుపులా రాదు,
నలభై ఏళ్లుగా తెలుసు. అయినా
అచ్చయిన మాట ముందు
నా చెయ్యే అబద్ధమనుకున్నాను.

ఎవరో దర్జీ, ఒకే ఒక్కణ్ణి నిలబెట్టి
కొలతలు తీసుకుని ఊరందరికీ చొక్కాలు కుట్టాడట.
పట్టనివాళ్లతో, నీ భుజాలే సరిగ్గా లేవన్నాడట.

ఇప్పుడు నాది పరిశోధన విభాగంలో ఉద్యోగం.
శనివారాలు కమ్యూనిటీ హాల్లో బల్ల వేసుకుంటాను:
సమ్మతి పత్రాలు, రక్తం గొట్టాలు, ఒక పళ్లెం బిస్కెట్లు.
జశుభాయ్ బిస్కెట్ తీసుకునే అడుగుతాడు,
"మేమేమన్నా ఎలుకలమా?"
హోదాన్ పెన్ను మూత పెట్టేస్తుంది.
"మా అమ్మ దగ్గరా తీసుకున్నారు రక్తం.
ఏం తేలిందో చెప్పడానికి
ఒక్కరూ తిరిగి రాలేదు."
నా దగ్గర జవాబు లేదు.
ఫలితం ఎవరికి, ఏ చిరునామాకి పంపాలో రాసే గడి
ఆ పత్రంలో లేదు.
పెన్నుతో గీశాను. పైవాళ్లు అడిగితే అప్పుడు చూసుకుందాం.
ఆమె ఆ గడిని చాలాసేపు చూసింది.
సంతకం పెట్టలేదు.
వచ్చే శనివారం వస్తానంది.

విన్సమ్ నిన్న కర్ర పొడుచుకుంటూ ఆస్పత్రికొచ్చింది.
"మళ్లీ వాచింది. ఈసారి మొదటి రోజే వచ్చాను చూడు."
డాక్టరు మందు రాసి లేచాక
కొత్త కరపత్రానికి ఫొటో ఇస్తావా అని అడిగాను.
బల్ల మీద కాలు చాపింది.
ఫొటోలు తీసే కుర్రాడు దీపం దగ్గరికి జరిపాడు.
ఆ తెల్లటి వెలుగులో కాలు బూడిదరంగైంది.
"ఆర్పెయ్ నాయనా," అంది,
"మా ఇంట్లో ఉండే వెలుతురులో తియ్యి.
నాలాంటిది ఇంకొకతె
కిటికీ పక్కన కూర్చుని పోల్చుకోవద్దూ?"

ఆర్పాడు.
బస్సు చార్జీ రాసిచ్చి, కాగితం తీసుకుని
"చర్మం..." అని మొదలుపెట్టాను.
అక్కడే ఆగి ఆమెనే అడిగాను,
ఈ రంగును మీ ఇంట్లో ఏమంటారని.