రెండో గుడ్డు

ముప్పై ఏండ్లుగా తిరుపతి స్టేషన్ మైకులో
నా ఆకలి పేరు ఒక్కసారీ పలకలేదు.
తెల్లారి బండి దిగినోళ్ళ మూటలు
బస్సుల కాడికి మోసి,
చెన్నై బండికి తిరిగొచ్చే లోపల
ఒక టీ. అంతే.
మధ్యాన్నం ఇంకో టీ, అందులో ముంచిన బన్ను.
రాత్రి పదిన్నరకి ఇల్లు చేరితే
దేశమ్మ పెట్టే సంగటి ముద్ద
నా రెండు పిడికిళ్ళంత,
పైన చెనిక్కాయల ఊరిబిండి, ఉన్ననాడు చియ్యలు,
ఒక్కసారే గొంతుదాకా.
"ఎప్పుడు తిన్నా పోయేది కడుపులోకే కదా"
అనేవాణ్ణి.

మొన్న ఎండాకాలం టైఫాయిడ్‌తో
రుయాలో పదమూడు రోజులు పడుకున్నా.
లేచి తొడుక్కుంటే ఎర్రచొక్కా చేతుల్లో
ఇంకొకడు దూరేంత చోటు.
పిక్కల్లో గట్టిదనాన్ని ఎవరో
నేను నిద్రపోతాంటే దించుకోని పోయినారు,
కూలి కూడా ఇయ్యకుండా.

పథ్యం చెప్పే పాప హిమజ
నా మందుల చీటీ వెనక బొమ్మేసింది:
"కండ గోదాము కాదు మామా.
రాత్రి ఒక్కతూరే కుమ్మరిస్తే
దానికి కావాల్సింది తీసుకుంటుంది,
రేపటికని దాచిపెట్టుకోదు.
పగలంతా ఖాళీ కడుపుతో మోస్తావే,
అప్పుడు ఒళ్ళు ఇంటి దూలాలు పీకి
పొయ్యిలో పెట్టుకుంటుంది.
పప్పో గుడ్డో, పూటపూటా పడాల."

మా చెంగల్రాయుడి కొడుకు
లీలామహల్ కాడ జిమ్ముకి పోతాడు.
వానిది ఇంకో గోల:
"బరువు దించిన అరగంటలో తాగకపోతే
ఎత్తిందంతా గంగలో కలిసినట్టే పెదనాయనా!"
డబ్బాలో పొడి గడగడ ఊపతా
వాచీ చూసుకుంటాడు,
బండి తప్పిపోయే వాని మాదిరి.
పాపనడిగితే నవ్వింది.
"అది అరగంటకి మూసే తలుపు కాదు,
గంటల తరబడి తెరిచే ఉంటుంది.
రోజు మొత్తానికి ఎంత తిన్నావనేదే ముందు లెక్క.
కానీ నువ్వు పద్నాలుగు గంటలు
ఆ గుమ్మం దిక్కే రావు."

ఇప్పుడు ఇత్తడి బిళ్ళ కింద జేబులో పొట్లం.
ఉడకేసిన ఉలవలు, ఉప్పు, రెండు గుడ్లు.
గుండ్లు చేయించుకున్నోళ్ళు గోవింద అంటా నడిచే చోట
గుడ్డు ఒలవాలంటే నాకే ఒకమాదిరి,
కొండకి వీపు తిప్పి కూర్చుంటా.
ఒకటి తెల్లారి బండి పోయినాక,
ఇంకొకటి పదకొండుకి.
"సూట్‌కేసులకి చక్రాలొచ్చినంక
నీకు కండలెందుకు బావా?"
చెంగల్రాయుడు ఎగతాళి చేస్తాడు.
ఓవర్‌బ్రిడ్జి మెట్లు చూపించినా.
ఆ మెట్ల మీద ఏ చక్రం తిరుగుతుందో చెప్పమన్నా.

మూడు నెలలైంది. చొక్కా ఇంకా వదులే,
కొంచెం తక్కువ వదులు.
పైమెట్టు కాడ ఆయాసం ఉండాది,
మోకాలి వణుకు మాత్రం లేదు.

మైకు మోగతా ఉంది.
బండి నలభై నిమిషాలు ఆలస్యమంట,
అసౌకర్యానికి చింతిస్తా ఉండారంట.
పరవాలేదు,
రెండో గుడ్డు పొట్టు తీస్తా ఉండా.